అనంతపురం యూనివర్సిటీలు, క్యాంపస్‌లు, పట్టాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలో అసలు ఎన్ని యూనివర్సిటీలు ఉన్నాయి? అన్నీ ఒకటేనా?

ఒకటి కాదు. ఆటో ఎక్కి "యూనివర్సిటీకి పోనీ" అంటే డ్రైవరు మామూలుగా ఎస్కే యూనివర్సిటీకే తీసుకెళ్తాడు. మీకు కావలసింది జేఎన్‌టీయూ అయితే పదికిలోమీటర్లు వృథా. అందుకే పేరు చెప్పి ఎక్కండి.

శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం, అంటే ఎస్కేయూ, రాష్ట్ర ప్రభుత్వానిది. ఆర్ట్స్, సైన్స్, కామర్స్, లా, బీఈడీ, డిగ్రీ కాలేజీలు దీని కిందకు వస్తాయి. జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం, అంటే జేఎన్‌టీయూ, అనంతపురం కూడా రాష్ట్ర ప్రభుత్వానిదే. ఇంజినీరింగు, ఫార్మసీ, ఎక్కువ భాగం ఎంబీఏ, ఎంసీఏ కాలేజీలు దాని కింద ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ కేంద్రీయ విశ్వవిద్యాలయం కేంద్ర ప్రభుత్వానిది. దానికి అనుబంధ కాలేజీలు లేవు, క్యాంపస్‌లో చదివేవాళ్లే దాని విద్యార్థులు. ఇవి కాక పుట్టపర్తి శ్రీ సత్యసాయి ఉన్నత విద్యా సంస్థకు చెందిన మహిళా క్యాంపస్ కూడా అనంతపురంలోనే ఉంది. అది డీమ్డ్ యూనివర్సిటీ, అంటే యూనివర్సిటీతో సమాన హోదా ఉన్న సంస్థ.

ఇంత పాత జిల్లా కేంద్రానికి సొంత యూనివర్సిటీ 1981 దాకా ఎందుకు రాలేదు?

ఈ ప్రశ్నకు కాస్త పెద్ద జవాబే చెప్పాలి. పాత పట్టాల మీద అన్ని రకాల పేర్లు ఎందుకున్నాయో ఇక్కడే తెలుస్తుంది.

1916లో అనంతపురంలో దత్తమండలాల (నిజాం ఆంగ్లేయులకు వదిలేసిన జిల్లాల) కళాశాల మొదలైంది. ఇప్పటి ప్రభుత్వ ఆర్ట్స్ కాలేజీ అదే. సర్వేపల్లి రాధాకృష్ణన్ కొంతకాలం ఇక్కడ పాఠాలు చెప్పారు. నీలం సంజీవరెడ్డి ఇక్కడ చదివారు. ఇద్దరు రాష్ట్రపతుల పేర్లతో ముడిపడిన కాలేజీ ఇది. ఇక్కడ తెలుగు చెప్పిన చిలుకూరి నారాయణరావే 1928లో నంద్యాల సభలో "దత్తమండలాలు" అన్న మాట వద్దు, "రాయలసీమ" అందామని ప్రతిపాదించారు. ఈ సీమకు పేరు పెట్టినవాడు అనంతపురం కాలేజీ అయ్యవారు. ఈ సంగతి ఇక్కడ చదివే ప్రతి పిల్లవాడికీ తెలియాలి.

ఈ కాలేజీ మద్రాసు విశ్వవిద్యాలయం కింద ఉండేది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బెజవాడలో పుట్టింది. దాని కేంద్రం ఎక్కడ ఉండాలన్న వాదన ఏళ్ల తరబడి నడిచింది. అనంతపురం పేరు గట్టిగానే వినిపించింది. చివరికి విశాఖపట్నం ఖాయమైంది. అంత దూరం తమవల్ల కాదని సీమ కాలేజీలు మద్రాసు విశ్వవిద్యాలయాన్నే ఎంచుకున్నాయి. ఆ అసంతృప్తి చల్లారలేదు. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, సీమ నాయకుల మధ్య కుదిరిన శ్రీబాగ్ ఒడంబడికలో విశ్వవిద్యాలయం మాట కూడా రాసుకున్నది అందుకే. వాల్తేరు (విశాఖపట్నం)తోపాటు అనంతపురంలోనూ ఒక విశ్వవిద్యాలయ కేంద్రాన్ని పెంచాలన్నది అందులో ఒక షరతు.

1954లో సీమకు విశ్వవిద్యాలయం వచ్చింది కానీ తిరుపతికి వచ్చింది. అదే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఎస్వీయూ. అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు కాలేజీలు దాని కిందకు వెళ్లాయి. అనంతపురానికి 1968లో ఎస్వీయూ పీజీ సెంటరు మాత్రమే దక్కింది. 1976లో ఆ సెంటరుకు స్వయంప్రతిపత్తి ఇచ్చారు. 1981 జూలై 25న అది శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయం అయింది. ఒడంబడికలో రాసుకున్న మాట నెరవేరడానికి 44 ఏళ్లు పట్టింది.

సత్యసాయి మహిళా కాలేజీ అనంతపురంలో మొదలైందీ 1968లోనే. సత్యసాయి సంస్థకు డీమ్డ్ హోదా వచ్చిందీ 1981లోనే.

ఎస్కేయూ క్యాంపస్‌కు ఎలా వెళ్లాలి?

ఊరికి దాదాపు 10 కిలోమీటర్ల దూరంలో, ఇటుకలపల్లి దగ్గర, కదిరి వైపు వెళ్లే 42వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. బత్తలపల్లి, కదిరి వైపు పోయే బస్సులు గేటు ముందు నుంచే వెళ్తాయి. ఎక్స్‌ప్రెస్ అయితే అక్కడ ఆపుతుందో లేదో ఎక్కేముందే కండక్టరును అడగండి.

క్యాంపస్ విశాలమైనది. గేటు దగ్గర దిగితే పని అయిపోయినట్టు కాదు, లోపల చాలా నడవాలి. సర్టిఫికెట్ పని మీద వచ్చేవాళ్లు మధ్యాహ్నం దాటాక వస్తే చలానా కట్టేసరికి కౌంటరు మూసేస్తారు. పొద్దున పదిన్నరకల్లా అక్కడుండేలా చూసుకోండి. ఎండాకాలంలో గొడుగు, నీళ్ల సీసా తప్పనిసరి.

జేఎన్‌టీయూ కాలేజీ 1946ది అంటారు, యూనివర్సిటీ 2008ది అంటారు. ఏది నిజం?

రెండూ నిజమే. కాలేజీ వయసు వేరు, యూనివర్సిటీ వయసు వేరు.

ఇంజినీరింగ్ కాలేజీ 1946లో పుట్టింది. మొదట మద్రాసు గిండీలో నడిచి, 1948లో అనంతపురానికి వచ్చింది. 1972 అక్టోబరు 2న అనంతపురం, కాకినాడ, హైదరాబాదు ఇంజినీరింగు కాలేజీలనూ, హైదరాబాదు లలిత కళల కాలేజీనీ కలిపి జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పాటు చేశారు. కేంద్ర కార్యాలయం హైదరాబాదులో ఉండేది. ప్రైవేటు కాలేజీలకు అనుబంధం ఇచ్చే అధికారం దానికి 1990లలో వచ్చింది. అక్కడినుంచి కాలేజీలు వందల్లో పెరిగాయి, ఒక్క కార్యాలయం వాటన్నిటికీ పరీక్షలు పెట్టి ఫలితాలు ఇవ్వడం కష్టమైంది. 2008 ఆగస్టులో దాన్ని నాలుగుగా విడదీశారు: హైదరాబాదు, కాకినాడ, అనంతపురం జేఎన్‌టీయూలు, లలిత కళలకు వేరే విశ్వవిద్యాలయం.

అనంతపురం జేఎన్‌టీయూ పరిధి పాత అయిదు జిల్లాలు: అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, నెల్లూరు. సొంత ఇంజినీరింగు కాలేజీలు మూడు. అనంతపురంలోనిది పాతది, పులివెందులది 2006లో, కలికిరిది 2013లో మొదలయ్యాయి. అనంతపురంలోనే నూనెల సాంకేతికత, ఫార్మసీ పరిశోధన సంస్థ కూడా ఉంది. వేరుశెనగ పండే జిల్లాలో నూనె మీద పరిశోధన జరగడం సహజం. ఆ సంస్థను ఇంకా బాగా చూసుకోవాలి.

జేఎన్‌టీయూ ఊళ్లోనే ఉంది, సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య రోడ్డు మీద. ఒక్క హెచ్చరిక: ఇంజినీరింగు కాలేజీ ఆఫీసు వేరు, యూనివర్సిటీ పరిపాలనా భవనం వేరు. టీసీ, స్టడీ సర్టిఫికెట్, బోనఫైడ్ కాలేజీ ఆఫీసులో ఇస్తారు. పట్టా, డూప్లికేట్, ట్రాన్‌స్క్రిప్టు యూనివర్సిటీ పరీక్షల విభాగం పని. చాలామంది ఒకదాని క్యూలో నిలబడి రెండోదాని కాగితం అడుగుతారు.

నా పట్టా మీద ఏ యూనివర్సిటీ పేరు ఉండాలి?

చదివిన కాలేజీ, చదివిన ఏడు, ఈ రెండూ చెబితే జవాబు దొరుకుతుంది.

అనంతపురం ఇంజినీరింగు కాలేజీలో మొదటి బ్యాచ్‌లకు మద్రాసు విశ్వవిద్యాలయం, ఎస్వీయూ వచ్చాక 1972 దాకా ఎస్వీయూ, ఆ తర్వాత 2008 దాకా జేఎన్‌టీయూ, అక్కడి నుంచి జేఎన్‌టీయూ అనంతపురం.

డిగ్రీ కాలేజీల లెక్క ఇంకోలా ఉంటుంది. ఎస్కేయూ 1981లో పుట్టినా తొలి ఏళ్లలో దానికి అనుబంధ కాలేజీలు లేవు, క్యాంపస్ కోర్సులే. అందువల్ల 1980ల మొదట్లో హిందూపురంలోనో గుంతకల్లులోనో బీఏ చదివినవారి పట్టా మీద ఎస్వీయూ పేరే ఉంటుంది. అది తప్పు కాదు, నకిలీ కాదు. అనంతపురం, కర్నూలు జిల్లాల డిగ్రీ కాలేజీలు ఎస్కేయూ కిందకు వచ్చింది 1980ల చివర్లో.

ఇంజినీరింగు చదివి కూడా ఎస్కేయూ పట్టా ఉన్నవాళ్లున్నారు. 2008కి ముందు కర్నూలు జి. పుల్లారెడ్డి ఇంజినీరింగ్ కాలేజీ ఎస్కేయూ అనుబంధం. కడప కేఎస్‌ఆర్‌ఎం కాలేజీ ఎస్వీయూ అనుబంధం. ఆ కాలేజీల్లో ఆ రోజుల్లో బీటెక్ చేసినవారు వెరిఫికేషన్ కోసం జేఎన్‌టీయూకు రాస్తే "మా రికార్డుల్లో లేదు" అని జవాబు వస్తుంది. కంపెనీవాళ్లు ఆ ఒక్క మాట చూసి సర్టిఫికెట్ దొంగదని అనుకునే ప్రమాదం ఉంది. వెరిఫికేషన్ ఫారంలో యూనివర్సిటీ పేరు పట్టా చూసి అక్షరం అక్షరం రాయండి, కాలేజీ ఇప్పుడు ఎవరి కింద ఉందో చూసి కాదు.

2006–10 బ్యాచ్ మాది. మెమోల మీద రెండు పేర్లున్నాయి. ఇబ్బందా?

ఇబ్బంది కాదు. విభజనకు ముందు రాసిన పరీక్షల మెమోల మీద జేఎన్‌టీయూ అనీ, తర్వాత రాసినవాటి మీద జేఎన్‌టీయూ అనంతపురం అనీ ఉంటుంది. ఆ బ్యాచ్‌లకు ఇది మామూలే. మన పట్టా అక్కడి ఏ చదువుకు సమానమో తేల్చే విదేశీ మూల్యాంకన సంస్థలకు పంపేటప్పుడు మాత్రం విభజన సంగతి, 2008 నాటి చట్టం సంగతి రెండు వాక్యాల్లో రాసి జతచేయండి. వాళ్లకు మన చరిత్ర తెలియదు కదా.

మా కాలేజీ కర్నూలు, కానీ సర్టిఫికెట్ మీద అనంతపురం ఉంది. ఎక్కడికి వెళ్లాలి?

అనంతపురమే. కర్నూలులో 1977లో మొదలైన పీజీ సెంటరే 2008లో రాయలసీమ విశ్వవిద్యాలయం అయింది. అంతకుముందు ఎస్కేయూ పేరుతో పట్టా పొందినవారి రికార్డులకు ఎస్కేయూనే అడగాలి. కడపవాళ్లకూ ఇదే పద్ధతి. అక్కడి ఎస్వీయూ పీజీ సెంటరు 2006లో యోగి వేమన విశ్వవిద్యాలయం అయింది. దానికి ముందు కడపలో డిగ్రీ చేసినవారు తిరుపతికి వెళ్లాలి.

కర్నూలు సిల్వర్ జూబ్లీ, మెన్స్ కాలేజీ, కేవీఆర్ మహిళా కాలేజీలను కలిపి ఇప్పుడు క్లస్టర్ యూనివర్సిటీ చేశారు. కొత్త బ్యాచ్‌లకు ఆ పేరు వస్తుంది, పాత బ్యాచ్‌లకు వెనుకటి పేర్లే.

కొత్త జిల్లాలు వచ్చాయి కదా, ధర్మవరం, హిందూపురం, కదిరి కాలేజీలు ఎవరి కింద?

ఎస్కేయూ కిందే. 2022 ఏప్రిల్‌లో శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడినా యూనివర్సిటీ పరిధి దానంతట అది మారలేదు. అప్లికేషన్‌లో చిరునామాకు కొత్త జిల్లా రాయండి, యూనివర్సిటీ పేరు మార్చకండి.

మేము అనంతపురంవాళ్లం. ఈఏపీసెట్ (పాత ఎంసెట్) ర్యాంకు కార్డులో "ఎస్వీయూ లోకల్" అని ఉంది. తప్పు పడిందా?

సరిగ్గానే పడింది. 1974 రాష్ట్రపతి ఉత్తర్వులో స్థానిక ప్రాంతాలను అప్పటికున్న యూనివర్సిటీల పేర్లతో విభజించారు. అప్పటికి ఎస్కేయూ లేదు. రాయలసీమ జిల్లాలు, నెల్లూరు కలిపి ఎస్వీయూ ప్రాంతం. సీట్లలో 85 శాతం స్థానికులకే కాబట్టి ఈ మాట చాలా ముఖ్యం.

స్థానికత రుజువుకు అర్హత పరీక్షతో ముగిసే నాలుగేళ్లు వరుసగా అక్కడే చదివి ఉండాలి. అది లేకపోతే ఏడేళ్ల లెక్క చూస్తారు. అందుకే ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా ఏడు స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు. బళ్లారిలోనో బెంగుళూరులోనో ఇంటర్ చదివిన సరిహద్దు మండలాల పిల్లలకు ఇక్కడే చిక్కు వస్తుంది. అలాంటివాళ్లు కౌన్సెలింగ్ రోజుదాకా ఆగకుండా తల్లిదండ్రుల నివాస ధ్రువపత్రం ముందే తెచ్చి పెట్టుకోవాలి.

పాలిటెక్నిక్ డిప్లొమా సర్టిఫికెట్ పోయింది. జేఎన్‌టీయూకు వెళ్లాలా?

వద్దు. డిప్లొమాలు రాష్ట్ర సాంకేతిక విద్యా శిక్షణ మండలి ఇస్తుంది. ఎంబీబీఎస్, నర్సింగు అయితే విజయవాడలోని ఆరోగ్య విశ్వవిద్యాలయం.

జేఎన్‌టీయూ హాల్ టికెట్ నంబరులో ఏముంటుంది?

ఉదాహరణకు 15001ఏ0501 అన్న నంబరు తీసుకుందాం. పది స్థానాలు. రెండేసి చొప్పున విడగొట్టండి: 15, 00, 1ఏ, 05, 01.

మొదటి 15 చేరిన ఏడు, 2015. 00 కాలేజీ కోడు, ఇక్కడ అనంతపురం ఇంజినీరింగు కాలేజీ. 1ఏ అంటే రెగ్యులర్ బీటెక్. అదే చోట 5ఏ ఉంటే డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి నేరుగా రెండో ఏడాదిలో చేరినవారు, అంటే లేటరల్ ఎంట్రీవాళ్లు. 05 బ్రాంచి: 01 సివిల్, 02 ఎలక్ట్రికల్, 03 మెకానికల్, 04 ఎలక్ట్రానిక్స్, 05 కంప్యూటర్ సైన్స్. చివరి 01 వరుస సంఖ్య. 99 దాటితే ఏ0, ఏ1 అని అక్షరాలు మొదలవుతాయి.

ఎక్కువ తప్పులు జరిగేది సున్నా దగ్గరా, ఇంగ్లీషు "ఓ" అక్షరం దగ్గరా. ఆన్‌లైన్‌లో సున్నా బదులు "ఓ" కొడితే "రికార్డు లేదు" అని వస్తుంది. లేటరల్ ఎంట్రీవాళ్లు మొదటి ఏడాది మార్కులు ఎందుకు లేవని కంగారు పడనక్కర్లేదు. మీ లెక్క రెండో ఏడాది నుంచే మొదలు. ఈ ముక్క విదేశీ దరఖాస్తులో రాయకపోతే "ఒక ఏడాది మార్కులు రాలేదు" అని ఫైలు ఆపేస్తారు. డిప్లొమా మార్కులు కూడా కలిపి పంపండి.

పీసీ, సీఎంఎం, ఓడీ అంటే ఏమిటి?

పీసీ ప్రొవిజనల్ సర్టిఫికెట్, పాసయ్యారని తాత్కాలికంగా ఇచ్చే కాగితం. సీఎంఎం అన్ని సెమిస్టర్ల మార్కులూ ఒకేచోట ఉండే మెమో. ఓడీ అసలు పట్టా. స్నాతకోత్సవంలో గానీ, తర్వాత దరఖాస్తు చేసి గానీ తీసుకోవాలి. దానంతట అది ఇంటికి రాదు. పీసీ ఉంది కదా అని పదేళ్లు ఓడీ తీసుకోకుండా ఉండేవాళ్లు ఎందరో. ప్రభుత్వ ఉద్యోగం సర్టిఫికెట్ వెరిఫికేషన్‌కు పిలిచాక పరుగెత్తితే సమయం చాలదు. పాసైన ఏడాదే దరఖాస్తు చేయండి.

సర్టిఫికెట్లు పోయాయి. డూప్లికేట్ ఎలా తీసుకోవాలి?

ముందు పోలీసు స్టేషన్‌లో ఫిర్యాదు ఇవ్వండి. వెతికినా దొరకలేదని వాళ్లు ఇచ్చే కాగితమే అన్నిటికీ ఆధారం. అందులో ఏ సర్టిఫికెట్, హాల్ టికెట్ నంబరెంత, పాసైన నెల, ఏడు స్పష్టంగా ఉండాలి. "విద్యా సర్టిఫికెట్లు పోయినవి" అని గంపగుత్తగా రాయించుకుంటే యూనివర్సిటీలో తిప్పి పంపుతారు.

తర్వాత నాన్-జ్యుడీషియల్ స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాసి నోటరీ చేయించండి. యూనివర్సిటీ నిబంధనలో పత్రికా ప్రకటన అడిగితే అది వచ్చిన పేపరు పేజీ మొత్తం దాచండి, కత్తిరించిన ముక్క కాదు. ముక్క మీద తేదీ ఉండదు. పోయిన సర్టిఫికెట్ జెరాక్స్ ఎక్కడైనా దొరుకుతుందేమో వెతకండి. ఉద్యోగం చేసిన ఆఫీసు ఫైల్లోనో, బ్యాంకు విద్యారుణం ఫైల్లోనో తరచు ఉంటుంది. ఇవన్నీ కలిపి, ఆ రోజు వెబ్‌సైటులో ఉన్న ఫీజు కట్టి, కాలేజీ ప్రిన్సిపాల్ ద్వారా గానీ నేరుగా గానీ పరీక్షల విభాగానికి ఇవ్వాలి. రశీదు నంబరు రాసుకోకుండా కౌంటరు వదలకండి.

పాడైపోయిన సర్టిఫికెట్ సంగతి వేరు. వాననీళ్లకు తడిసినా, చెదలు తిన్నా ఆ ముక్కలే జతచేయాలి. పారేస్తే "పోయింది" అన్న దారిలో, పోలీసు కాగితంతో వెళ్లాల్సి వస్తుంది. లామినేషన్ అసలు చేయించకండి. లామినేట్ చేసిన పట్టా వెనుక ముద్ర వేయడానికి వీలుకాదు, అపోస్టిల్ (విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం చేసే ధ్రువీకరణ) దగ్గర ఆపేస్తారు.

ట్రాన్‌స్క్రిప్టు (విదేశాలకు పంపే మార్కుల పత్రం) సీల్డ్ కవర్లు ఎన్ని తీసుకోవాలి?

దరఖాస్తు చేసే విదేశీ యూనివర్సిటీల సంఖ్యకు రెండు కలిపి తీసుకోండి. కవరు మూత మీద యూనివర్సిటీ ముద్ర, సంతకం మూతకూ కవరుకూ మధ్య గీత మీద పడాలి. ఇంటికెళ్లాక లోపల ఏముందో చూద్దామని ఒక్కటి తెరిచినా అది చెల్లదు. చూసుకోవడానికి ఒకటి విడిగా తీసుకోండి. మూల్యాంకన సంస్థ ఇచ్చిన రిఫరెన్సు నంబరు కవరు మీద రాయించడం మరిచిపోతే, కవరు చేరినా మీ ఫైలుకు చేరదు.

పదో తరగతి మెమోలో ఒక పేరు, డిగ్రీలో ఇంకో పేరు. ఏది మార్చాలి?

పదో తరగతి మెమోనే మూలం. యూనివర్సిటీ దానికి అనుగుణంగా మారుస్తుంది, తిరగేసి కాదు. మన దగ్గర ఎక్కువగా వచ్చే తేడాలు ఇంటిపేరు పొడి అక్షరం, "రెడ్డి", "నాయుడు" చేరడం, "షేక్" స్పెల్లింగు, తండ్రి పేరులో అక్షరం. మొదటి సెమిస్టర్ మెమో రాగానే పదో తరగతి మెమో పక్కన పెట్టి అక్షరం అక్షరం చూడండి. అప్పుడు ఒక అర్జీతో పోయే పని, పట్టా వచ్చాక పాత మెమోలన్నీ వెనక్కి ఇచ్చి కొత్తవి తీసుకునే పని అవుతుంది.

ఏ యూనివర్సిటీలో చేరాలంటే ఏ పరీక్ష రాయాలి?

జేఎన్‌టీయూ బీటెక్‌కు ఈఏపీసెట్, డిప్లొమావాళ్లకు ఈసెట్, ఎంటెక్‌కు పీజీఈసెట్, ఎంబీఏ, ఎంసీఏలకు ఐసెట్. ఎస్కేయూ పీజీకి 2021 నుంచి రాష్ట్రమంతటికీ ఒకటే పీజీసెట్. సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ. ఇందులో రాష్ట్ర లోకల్ కోటా ఉండదు, దేశమంతా పోటీ.

సెంట్రల్ యూనివర్సిటీ క్యాంపస్ ఎక్కడ? కొందరు జేఎన్‌టీయూ పక్కన అంటున్నారు.

2018 ఆగస్టులో అది మొదలైంది జేఎన్‌టీయూ ఇంక్యుబేషన్ భవనంలోనే. హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం దానికి మార్గదర్శి. పాతవాళ్లు ఇప్పటికీ ఆ దారే చెబుతారు. శాశ్వత క్యాంపస్ బుక్కరాయసముద్రం మండలం జంతులూరు దగ్గర, తాడిపత్రి రోడ్డు వైపు. అడ్మిషన్ లెటర్‌లో రిపోర్టు చేయాల్సిన చిరునామా ఏది రాసుందో అదే చూసి బయలుదేరండి. సామాన్లతో, హాస్టలు పెట్టెతో ఊళ్లోని జేఎన్‌టీయూ గేటు ముందు దిగితే మళ్లీ ఆటో మాట్లాడుకుని ఊరు దాటాల్సి వస్తుంది.